మాటకో చింతగింజ

మంచు ఊరి మొదట్లో, దారి వీధులుగా చీలే చోట, ఒక బండ మీద పెద్ద చెవులాయన కూర్చుని ఉండేవాడు.

ఆ ఊళ్లో ఎండ తక్కువ, మంచు ఎక్కువ. చలికాలం వచ్చిందంటే చాచిన చెయ్యి కనిపించేది కాదు. ఏ వీధిలో ఏం అమ్ముతారో కళ్లతో చూసి తెలుసుకోవడం కుదిరే పని కాదు. అందుకని బయటి నుంచి వచ్చినవాళ్లు చెవులాయన ముందు నిలబడి, తమకు కావలసింది ఒక్క మాటలో చెప్పేవారు. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. అన్ని వీధుల కేకలూ ఆయన చెవుల్లో పడేవి. చెప్పిన మాట ఎటు నుంచి ఎక్కువసార్లు వినిపిస్తే అటు వేలు చూపించేవాడు. వచ్చినవాళ్లు నోరెత్తకుండా అటే నడిచేవారు.

ఆయన మంచివాడే. ఒకరంటే ఇష్టమూ, ఒకరంటే కోపమూ లేని మనిషి. ఎవడైనా తెగించి ఆయన చెవిలో లంచం అని గొణిగితే, అదీ ఒక మాటే కదా అనుకుని, అది ఏ వీధిలో ఎక్కువ వినిపిస్తోందో అటు వేలు చూపించే రకం.

ఊరంతా ఆ వేలు మీద బతికేది. ఆయన ఎప్పుడొచ్చి ఆ బండ మీద కూర్చున్నాడో, ఎప్పుడు లేస్తాడో, అసలు ఇల్లంటూ ఉందో లేదో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లూ లేరు. అందరికీ ఆయన చెవులు కావాలి, వేలు కావాలి. మధ్యలో ఉన్న మనిషితో ఎవరికేం పని?

ఆ ఊళ్లో చిట్టచివరి వీధిలో, చిట్టచివరి కొట్టు బొంతలామెది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, పెద్ద సూదితో కుట్టు పక్కన కుట్టు వేసుకుంటూ పోయేది. ఆమె బొంత కప్పుకున్నవాడు తెల్లారినా లేవడని పేరు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లూ, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లూ ఎంత దూరమైనా నడిచి ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఆమెకో పట్టింపు ఉండేది. ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి బొంత ఇచ్చేది కాదు. "లోపల వేడి లేనిదే పైన ఎంత కప్పితే ఏం లాభం? రేపొచ్చి ఇది చలి ఆపలేదని నన్నే తిడతావు," అనేది. కొట్టు మూలన పొయ్యి మీద రాగిజావ కుండ ఎప్పుడూ కుతకుతమంటూ ఉండేది. ఎవరు గుమ్మంలో కాలు పెట్టినా ఆమె మొదటి మాట "తిన్నావా?" అనే. చిన్నా పెద్దా లేదు, ఆమె నోట "మీరు" అనే మాటే రాదు. గడ్డం నెరిసిన పెద్దమనిషినైనా "తిన్నావా నాయనా?" అనే అడిగేది. అడిగి, నోరు మూసుకుని, ఎదుటి మనిషి మొహంలోకి చూసేది. తిన్నానని అబద్ధమాడి ఆ చూపు తప్పించుకున్నవాడు ఇంతవరకూ లేడు.

ఆమె పెనిమిటికి చూపు మందం. పొద్దున్నే మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పాత చీరలు అడిగి తెచ్చేవాడు. వెళ్లేటప్పుడు గోడలు తడుముకుంటూ వెళ్లేవాడు. వచ్చేటప్పుడు ఆ బాధ లేదు. వీధి మొదట్లో నిలబడి చెవి కాస్త అటు తిప్పితే చాలు, "తిన్నావా తల్లీ? అయ్యో, లేదా? కూర్చో, కూర్చో" అని వినబడేది. ఆ గొంతు పట్టుకుని తిన్నగా గుమ్మంలోకి వచ్చేసేవాడు.

"నీ నోరు మూతపడిన రోజు నేను ఏ గోతిలోనో పడతానే," అని నవ్వేవాడు.

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదా!" అని కసురుకుంటూనే ఆమె జావ చేతికిచ్చేది.

నిజం చెప్పొద్దూ, ఆ ఇద్దరి సంగతి చెప్పాలంటే నాకు ఎక్కడలేని హుషారు వస్తుంది. కానీ చిక్కు గురించి కూడా చెప్పాలి కదా.

చిక్కేమిటంటే, ఆమె రోజంతా గలగలా మాట్లాడుతూనే ఉన్నా "బొంత" అనే మాట మాత్రం ఆమె నోట రాదు. ఎందుకొస్తుంది? కళ్లెదుట తాడు మీద వేలాడుతున్నదాన్ని పట్టుకుని ఇది బొంత అని ఎవరైనా చెబుతారా? పక్క కొట్టు కంబళ్లాయన చెబుతాడు. "కంబళి, కంబళి, కంబళీ!" అని పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా ఆపడు. ఆయన తుమ్మినా కంబళి అన్నట్టే ఉండేది.

ఎవరైనా వచ్చి చెవులాయనతో "బొంత" అంటే, ఆయన కాసేపు విని, "ఆ మాట ఈ ఊళ్లో వినబడటం లేదు," అనేవాడు.

"పోనీ, కంబళి?"

వేలు చటుక్కున లేచేది.

అలా అలా బొంతలామె కొట్టుకు దారి తెలిసినవాళ్లు తప్ప కొత్తవాళ్లు రావడం మానేశారు. తెలిసినవాళ్లకు ఇంట్లో బొంతలున్నాయి, అవి ఇప్పట్లో చిరగవు. గట్టిగా కుట్టడం కూడా తప్పే అయింది పాపం. కుండలో జావ పలచబడింది. ఆపైన నీళ్లలో కాస్త రాగిపిండి చూపించినట్టయింది. అయినా అడగడం మాత్రం ఆమె మానలేదు.

ఆ ఏడాది మంచు మరీ ఎక్కువ. ఒకరోజు పెనిమిటి మోకాలు చీరుకుని ఇంటికొచ్చాడు. ఆమె గుడ్డ తడిపి నెత్తురు తుడుస్తూ, "ఇక నువ్వు గడప దాటొద్దు," అంది.

"దాటకపోతే చీరలెక్కడివే?"

"బేరాలు పుంజుకోనీ. చీరలు గుమ్మంలోకే తెప్పించుకుందాం. నిన్ను ఈ పొయ్యి పక్కన కూర్చోబెడతాను. జావ కలుపుతూ కూర్చో."

"అబ్బో! ముసలితనంలో నాకు వంటవాడి కొలువా?"

"ఆ, కొలువే. జీతం లేదు, తిట్లు మాత్రం వేళకి అందుతాయి."

ఇద్దరూ నవ్వుకున్నారు గానీ, ఆమె మనసులో ఆ మాట గట్టిగా నాటుకుపోయింది. ఆమెకు మేడలు వద్దు, మాన్యాలు వద్దు. ఆ మనిషి ఆ మంచులోకి పోకుండా పొయ్యి పక్కన కూర్చుంటే చాలు.

అదిగో, అప్పుడు వచ్చాడు గింజలాయన.

భుజాన సంచి నిండా చింతగింజలు, చంకలో కొబ్బరిచిప్పల దొంతర, నెత్తి మీద చాట. మనిషి బక్కపలచన, చొక్కా నిండా చిరుగులు. ఆయన పని ఏమిటంటే, ఏ కొట్టువాళ్లు పిలిస్తే ఆ కొట్టు ముందు ఒక రోజంతా కూర్చుంటాడు. అక్కడ పలికే ప్రతి మాటకూ ఒక చిప్ప పెడతాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆ చిప్పలో ఒక గింజ వేస్తాడు. సాయంత్రానికి చిప్పలు చూసి, చెవులాయన వేలు ఈ కొట్టు వైపు ఎందుకు తిరగడం లేదో చెబుతాడు. లెక్కలో పడ్డాడంటే నెత్తిన పిడుగు పడినా తెలియదు.

ఆయన అలా కూర్చున్నాడో లేదో బొంతలామె, "తిన్నావా తమ్ముడూ?" అంది.

గింజలాయన జవాబు చెప్పలేదు. ఒక చిప్ప తీసి ముందు పెట్టి, అందులో ఒక గింజ వేశాడు.

సాయంత్రమైంది. "ఇలా వచ్చి చూడక్కా," అన్నాడు. ఒక చిప్ప నిండి, పొంగి, గింజలు నేలంతా దొర్లుతున్నాయి. దాని చుట్టూ ఉన్నవీ నిండుగానే ఉన్నాయి.

"ఈ పొంగిపోయింది ఏ మాట?"

"తిన్నావా. ఆ పక్కది రా, ఆ పక్కది కూర్చో, ఇది అయ్యో. ఈ చిన్నది ఏమయ్యా."

"మరి ఈ ఖాళీ చిప్ప?"

"ఖాళీ కాదు, సరిగ్గా చూడు. అడుగున ఒక గింజ ఉంది. అది బొంత."

"నేనెప్పుడన్నానబ్బా?"

"మధ్యాహ్నం సూది గుచ్చుకున్నప్పుడు, ఈ బొంత పాడుగాను అన్నావు."

పొయ్యి పక్కన పెనిమిటి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

"ఇన్ని మాటలన్నాను కదా తమ్ముడూ, ఇవేవీ చెవులాయనకి వినబడవా?"

"ఎందుకు వినబడవు? కానీ ఈ మాటలు ఊరంతా అంటుంది. కంబళ్లాయన పెళ్లాం పిల్లల్ని తిన్నావా అంటుంది. మజ్జిగాయన ఎదురొచ్చినవాణ్ణల్లా తిన్నావా అంటాడు. అందరి దగ్గరా ఉన్న మాట పట్టుకుని ఏ కొట్టు ఎటుందో ఎలా చెబుతారక్కా? ఇదంతా పొట్టు." అంటూ ఆ నిండు చిప్పల్ని చాటలోకి వంచి, ఒక్క విసురున వీధిలోకి చెరిగేశాడు. గింజలు మంచులో ఎక్కడ పడ్డాయో కూడా కనబడలేదు. "రేపట్నించి పొట్టు వద్దు. అసలు మాటే అను. అదే అను."

తన కష్టానికి ఆయన అడిగింది ఒక బొంత. ఆమె తాడు మీది బొంత తీసి, అలవాటు కొద్దీ, "ముందు తిన్నా..." అనబోయింది.

"అక్కా! పొట్టు!" అని గింజలాయన వేలెత్తాడు.

ఆమె నాలుక కరుచుకుంది. పొద్దుటి ప్రశ్నకు ఆయన జవాబు చెప్పలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కానీ ఏం చేస్తుంది, నేర్చుకునే మొదటిరోజే తప్పితే ఎలా? అడగకుండానే బొంత ఇచ్చేసింది. ఆమె చేతి నుంచి అలా వెళ్లిన మొదటి బొంత అదే.

గింజలాయన ఒక్క మాటతో వదల్లేదు. జనం మాటల్ని జతలుగా, గుత్తులుగా అడుగుతారట. వాటినీ నేర్పాడు. మెత్తని బొంత. చలికి బొంత. పసిపిల్లల బొంత. దగ్గర్లో మంచి బొంత.

"దగ్గర్లో అంటే ఎవరికి దగ్గర్లో?" అంది ఆమె.

"అదంతా నీకెందుకక్కా? వచ్చేవాళ్లు అలాగే అడుగుతున్నారు, నువ్వూ అలాగే అను."

మర్నాడు పొద్దున గుమ్మంలో నిలబడి, సిగ్గుతో చచ్చిపోతూ, "బొంత" అంది. ఎవరూ నవ్వలేదు. ఇంకోసారి అంది. మధ్యాహ్నానికి సిగ్గు పోయింది. "బొంత! మెత్తని బొంత! చలికి బొంత, పసిపిల్లల బొంత, దగ్గర్లో మంచి బొంత!" అంటూ ఎత్తుకుంది. బండ మీద చెవులాయన తల కొద్దిగా పక్కకి వంగింది. ఎన్నడూ లేనిది, వేలు చిట్టచివరి వీధి వైపు తిరిగింది.

జనం వచ్చారు. తెగ వచ్చారు. ఆమె ఆనందం చూడాలి! తాడు మీద బొంత వెయ్యకముందే అమ్ముడయ్యేది. వచ్చినవాళ్లు గుమ్మం బయటి నుంచే పుచ్చుకుని పోయేవారు. కూర్చోమనే తీరిక ఎవరికుంది? ఆమె కేక ఆపితే చెవులాయన వేలు దిగిపోతుంది మరి. పొయ్యి ఆరింది. జావ కుండ కడిగి బోర్లించి, దాని మీద దారపుండలు పెట్టుకున్నారు.

నోటికి ఒక మాట అంటుకుంటే అంత తేలిగ్గా వదలదు. పెనిమిటిని పిలవబోయి "బొంతా" అని, "ఛీ, పాడు నోరు, ఏమయ్యా" అని సర్దుకునేది.

"దగ్గర్లో మంచి బొంతా, కాస్త మంచినీళ్లివ్వవే," అని అతను ఉడికించేవాడు.

"నీకంతా వేళాకోళమే. ఇదంతా ఎవరికోసం?"

"నాకోసమేలే. నాకు తెలియదా?" అనేవాడు అతను. ఆపైన కాస్త ఆగి, "నీ కేక వినబడుతూనే ఉందే. వస్తూనే ఉన్నాను. కానీ ఆ కేకలో నేను లేను. వేరేవాళ్ల ఇంటికి వస్తున్నట్టు ఉంటోంది," అన్నాడొకసారి. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ విననట్టు ఊరుకుంది. విన్నది. బాగానే గుచ్చుకుంది.

ఇంకో విడ్డూరం చూడండి. బొంతలు ఎక్కువ అమ్ముడుపోతే పాత చీరలూ ఎక్కువ కావాలి. దగ్గరి వీధుల్లో చీరలు అయిపోయాయి. ఇంటికి తెచ్చి ఇస్తామన్నవాళ్లు మాట మీద నిలబడలేదు. ఏ మనిషిని పొయ్యి పక్కన కూర్చోబెడదామని ఇదంతా మొదలుపెట్టిందో, ఆ మనిషే మూట వేసుకుని ఇదివరకటి కంటే ఎక్కువ దూరం పోవలసి వచ్చింది. "కొన్నాళ్లేనయ్యా, ఈ చలికాలం గట్టెక్కనీ," అనేది ఆమె.

ఈలోగా గింజలాయనకు ఊళ్లో మంచి పేరొచ్చింది. ప్రతి కొట్టువాడూ పిలిచేవాడే. ఆయన ఎవరినీ మోసం చెయ్యలేదు. అందరి ముందూ చిప్పలు పెట్టాడు, అందరి పొట్టూ చెరిగాడు. బండ దగ్గర ఎక్కువమంది అడుగుతున్న మాట ఏదని కంబళ్లాయన అడిగితే, ఉన్నమాట చెప్పేశాడు.

"బొంత."

ఇంకేముంది! మర్నాడు కంబళ్లాయన, "బొంతలాంటి కంబళి, బొంత కన్నా కంబళి, బొంత వద్దనే కంబళి!" అని అందుకున్నాడు. మజ్జిగాయన "బొంత కప్పుకుని తాగే మజ్జిగ" అన్నాడు. కుండలాయన "బొంత పక్కన పెట్టుకునే కుండ" అన్నాడు. ఏ వీధిలో చూసినా బొంతే. పొట్టు మాటలు కొట్లలోంచే కాదు, ఇళ్లలోంచి కూడా పోయాయి. పిల్లలు ఆడుకుని ఇంటికొస్తే తల్లులు "చలికి బొంత" అని తలుపు తీసేవారు. ఊరంతా వాడే మాట అని గింజలాయన ఏదైతే పారబోశాడో, ఆ మాట ఊళ్లో ఒక్క నోట కూడా లేకుండా పోయింది.

బండ మీద చెవులాయన వేలు వణకడం మొదలుపెట్టింది. ఎవరేమడిగినా అన్ని వైపుల నుంచీ ఒకే మాట. పొద్దున ఒక వీధి చూపిస్తే మధ్యాహ్నం ఇంకోటి. దారి తప్పిన జనం మంచులో ఒకరికొకరు తగులుకుంటూ తిరిగారు.

ఆ చలికాలంలో అంత మంచు పడిన రోజు మరొకటి లేదు. ఆ రోజు పెనిమిటి తిరిగి రాలేదు.

వచ్చే వేళ దాటింది. ఆమె గుమ్మంలోకి వచ్చి, గుండెలోని గాలంతా తీసి అరిచింది. "బొంతా! బొంతా!" నోటికి వచ్చింది అదే. అటు పక్క నుంచి కంబళ్లాయన బొంత అన్నాడు. ఎదురు వీధి బొంత అంది. ఆమె అరుపు ఆ అరుపుల్లో ఎక్కడ కలిసిపోయిందో ఆమెకే తెలియలేదు. అప్పుడు అర్థమైంది ఆమెకు. అతను వీధి మొదట్లో నిలబడి చెవి తిప్పితే, అన్ని వైపులా ఆమే ఉంది. ఎటు రావాలి?

పరుగున చెవులాయన దగ్గరికి పోయింది. "నా ఇంటాయన ఎటున్నాడో చెప్పు నాయనా! చూపు లేని మనిషి!"

"ఏ మాట?" అన్నాడు చెవులాయన, కళ్లు తెరవకుండా.

"మాట కాదు, మనిషి!"

"ఆయన ఏమంటూ ఉంటాడు?"

"ఏమీ అనడు. నా మాట కోసం ఎక్కడో నిలబడి ఉంటాడు."

చెవులాయన చాలాసేపు విన్నాడు. వేలు లేచింది, దిగింది. "నిలబడి ఉండటం నాకు వినబడదమ్మా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో బాధ ఉంది. ఆమె ఉన్న తొందరలో అది గమనించలేదు.

ఆమె కొట్టుకు తిరిగొచ్చింది. కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత, ఎందుకో తనకే తెలియకుండా లేచి, దారపుండలు కింద పారేసి, బోర్లించిన కుండ తిప్పి, పొయ్యి వెలిగించింది. వస్తే వేడిగా ఏదో ఒకటి ఉండాలి కదా! రాగిపిండి నీళ్లలో కలిపి తెడ్డుతో తిప్పుతూ, ఎదురుగా అతనున్నట్టే, కోపంగా, గొంతు పగిలేలా అరిచింది.

"ఏమయ్యా, తిన్నావా?"

అరిచి, అలవాటు కొద్దీ, నోరు మూసుకుని ఎదురుచూసింది.

ఆ మాట మంచులోకి పోయింది. ఊళ్లో అలాంటిది ఇంకోటి లేదు. దేనితోనూ కలవలేదు, దేనికీ తగల్లేదు. వీధులు దాటి, సందులు దాటి, పోతూనే ఉంది. పొయ్యిలో పుల్ల ఒకటి చిటపటమంది.

ఎక్కడో, చాలా దూరంగా, "లేదే! పొద్దుట్నించీ మంచినీళ్ల చుక్క కూడా లేదు!" అని వినబడింది.

"ఎక్కడున్నావు నువ్వు?"

"అది తెలిస్తే ఇక్కడెందుకుంటాను? అను, ఇంకోసారి అను!"

"తిన్నావా?"

"లేదన్నానా!"

"తిన్నావా?"

"పెట్టకుండా ఎన్నిసార్లు అడుగుతావే!" గొంతు దగ్గరైంది.

అడుగుతూ ఆమె ఏడుస్తోంది, జవాబు చెబుతూ అతను నవ్వుతున్నాడు. మంచులోంచి ముందు మూట వచ్చింది, మూట కింద మనిషి వచ్చాడు. ఆమె తెడ్డు పట్టుకునే పోయి అతన్ని కావలించుకుంది. జావంతా చొక్కాకి అయింది. "ఇక నిన్ను పంపితే ఒట్టు," అంది. "ఉన్న నాలుగు చీరలతోనే కుట్టుకుందాం."

"ముందు నన్ను వదులు, వెనకవాళ్లు పడిపోతారు," అన్నాడు అతను. చూస్తే అతని మూట చెంగు పట్టుకుని ఎవరో తల్లీ పిల్లా, వాళ్ల వెనక దారి తప్పిన బాటసారులు. వాళ్ల వెనక గింజలాయన, బొంత చుట్టుకుని, పళ్లు టకటకలాడిస్తూ.

"అక్కా, నీ బొంత చలి ఆపడం లేదు," అన్నాడు.

"ఎందుకాపుతుంది? ఇచ్చేటప్పుడు అడగనివ్వలేదుగా!"

జావ ఉంది గానీ పోయడానికి గిన్నెలు చాల్లేదు. గింజలాయన సంచి దించి, చిప్పల్లోని గింజలు నేల మీద పోసి, చిప్పలు ముందుకు తోశాడు. అందరూ వాటిలోనే తాగారు.

అందరూ తాగుతుండగా గుమ్మంలో ఇంకో ఆకారం నిలబడింది. లోపలికి రాలేదు. తల కాస్త వంచి, బెరుగ్గా చూస్తోంది. ఆ చెవులు చూడగానే అందరి చేతుల్లోని చిప్పలు ఆగిపోయాయి. ఆయన బండ దిగగా ఊళ్లో ఎవరూ చూడలేదు.

"ఎవరో అడిగారు," అన్నాడు చెవులాయన. "నన్నేనా?"

ఆమె అడిగింది ఆయన్ని కాదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

"నిన్నే," అంది బొంతలామె. "తిన్నావా నాయనా?"

ఆయన ఆలోచించాడు. "గుర్తులేదు."

"ఎప్పట్నించి?"

"కూర్చున్నప్పట్నించి."

"అయ్యో!" అంది ఆమె. ఆయన చేతులు రెండూ పట్టుకుని పొయ్యి పక్కకి లాగి కూర్చోబెట్టింది. చెవులాయన జావ తాగుతుంటే ఆ పెద్ద చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. పెనిమిటి పక్కకి జరిగి చోటిచ్చాడు.

కథ ఇక్కడితో అయిపోతే హాయిగా ఉండేది. కానీ ఊరు ఊరే కదా.

గింజలాయన చెడ్డవాడు కాడు, కానీ చెయ్యి ఊరుకోదు. చిప్పలు కడిగి ఆరబెట్టుకుని, ఆ రోజు అంతమందిని లాక్కొచ్చిన మాట ఏదని కంబళ్లాయన అడిగితే, మళ్లీ ఉన్నమాట చెప్పేశాడు. ఇంకేం, మర్నాటికి ఊరంతా అదే. "తిన్నావా తిన్నావా, కంబళి తిన్నావా, దగ్గర్లో తిన్నావా!" అని కంబళ్లాయన గొంతు బొంగురుపోయేలా అరుస్తున్నాడు. మజ్జిగాయన, కుండలాయన, అందరూ. వాళ్లెవరి కొట్లోనూ పొయ్యి లేదు.

బొంతలామె ఆ గోలంతా విని పెనిమిటి వైపు చూసింది. అతను పొయ్యి పక్కన కూర్చుని జావ కలుపుతున్నాడు. కొత్త కొలువు. "నన్నెందుకే చూస్తావు? నేనెక్కడికీ పోను," అన్నాడు.

ఊరి మొదట్లో, చెవులాయన మళ్లీ ఎక్కి కూర్చున్న బండ పక్కన గింజలాయన నిలబడి ఉన్నాడు. ఈసారి ఏం జరుగుతుందో చూడాలని. ఒక ఆడమనిషి పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి, "చలికి ఏదైనా..." అంది. చెవులాయన కళ్లు మూసుకున్నాడు. ఇదివరకటి కంటే ఎక్కువసేపు విన్నాడు. వేలు లేచింది. వణకలేదు. తిన్నగా చిట్టచివరి వీధి వైపు చూపించింది.

"అదెలా?" అన్నాడు గింజలాయన. "అందరూ ఒకే మాట అంటున్నారు. ఎక్కువసార్లు అంటున్నది కంబళ్లాయన. నేనే లెక్కపెట్టాను."

"అవును, అంటున్నాడు," అన్నాడు చెవులాయన. "అని, వెంటనే మళ్లీ అంటున్నాడు. ఆమె అని, ఆగుతోంది."

గింజలాయన సంచిలో చెయ్యి పెట్టి తడుముకున్నాడు. "ఆగడానికి ఏ చిప్ప పెట్టాలి? ఎన్ని గింజలు వెయ్యాలి?"

చెవులాయన అప్పటికే మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆయనకు ఇంకో బాటసారి వచ్చాడు.

గింజలాయన ఊరుకోలేకపోయాడు. తెలియనిది తెలిసేదాకా నిద్రపట్టని మనిషి. ఆడమనిషి వెనకాలే చిట్టచివరి వీధికి పోయి, బొంతల కొట్టు ముందు, మొదటిరోజు కూర్చున్న చోటే కూర్చున్నాడు. ఒకే ఒక ఖాళీ చిప్ప ముందు పెట్టుకున్నాడు.

బొంతలామె వచ్చిన తల్లికి జావ పోసి, పిల్లాడికి బొంత కొలత చూసి, ఇటు తిరిగింది.

"తిన్నావా తమ్ముడూ?"

అలవాటు కొద్దీ ఆయన చెయ్యి సంచిలోకి పోయింది. గింజ తీసి చిప్ప మీదికి తెచ్చాడు. ఆమె ఇంకేమీ అనలేదు. ఆయన మొహంలోకే చూస్తోంది. పొయ్యి పక్కన పెనిమిటి తెడ్డు తిప్పడం ఆపాడు.

గింజ ఆయన వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"లేదక్కా," అన్నాడు, చిప్ప ముందుకు చాపుతూ.